మా బైబిలమ్మగారికి గంట కొట్టలేదు

మా బైబిలమ్మగారు పోయారు. మొన్న శుక్రవారం తెల్లవారుతుండగా, గుడివాడ ఆసుపత్రిలో. గుడివాడ అనుకోండి. ఈ రాతలో ఎవరి పేరూ ఉండదు, మా ఊరి పేరు కూడా ఉండదు. ఎందుకు ఉండదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. దివిసీమలో కాలవ చివరి భూముల్లో ఒక ఊరు. అంతవరకు చాలు.

కబురు ఆవిడ కొడుకే ఫోన్లో చెప్పాడు. నేను పెరట్లో మొహం కడుక్కుంటున్నాను.

"మావయ్యా, అమ్మ పోయింది."

చెంబు కింద పెట్టాను. నేను మామూలుగానే ఎక్కువ మాట్లాడను.

"వింటున్నావా?"

"ఊఁ."

"తీసుకొస్తున్నాం. తొమ్మిదింటికల్లా వచ్చేస్తాం. ఒక్క మాట మావయ్యా..." అని ఆగాడు. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. "గంట కొట్టొద్దు."

మా ఊరి గుడిలో గంట కొట్టేవాణ్ణి నేను. గుడి అంటే చర్చి. మేం గుడి అనే అంటాం. నలభై ఏళ్లు దాటింది ఆ పని నా చేతికి వచ్చి. మాలో ఎవరు పోయినా చావు గంట కొడతాం. అది ఆదివారం గంటలా గబగబా మోగేది కాదు. ఒక దెబ్బ కొట్టి, పరలోక ప్రార్థన మొదటి నుంచి చివరిదాకా లోపల చెప్పుకుని, ఆమెన్ అన్నాక ఇంకో దెబ్బ. పోయినవారికి ఎన్నేళ్లో అన్ని దెబ్బలు. పెద్ద వయసువాళ్లకి ముప్పావుగంట పడుతుంది. పొలాల్లో ఉన్నవాళ్లు లెక్క పెట్టుకుని, ఎవరో పోల్చుకుంటారు.

ఆ పద్ధతి నాకు నేర్పింది ఆవిడే. కొత్తలో నేను ఎవరో తాత పోతే టకటకా కొట్టేశాను. ఆవిడ గొడుగు ఊపుకుంటూ వచ్చింది.

"ఏంట్రా తమ్ముడూ, బస్సు అందదా నీకు? పోయినాయనకే తొందర లేదు, నీకెందుకురా?"

పక్కన నిలబడి ప్రార్థన పైకి చెబుతూ, ఆమెన్ అన్నప్పుడల్లా నా వైపు చూసి తల ఊపింది. చేతులు నొప్పి పుట్టాయి. ఆ రోజు నుంచి తప్పలేదు.

ఆవిడకి నేను తమ్ముణ్ణి కాను. ఊరి వరస. ఉప్పెనలో భర్త పోతే, చంకలో పిల్లాడితో బందరు వెళ్లి బైబిలు చదువు చదువుకుని, మా ఊరికి పనికి వచ్చింది. బైబిలమ్మ పని అంటే ఇల్లిల్లూ తిరగడం. ఆడవాళ్లతో కూర్చుని నాలుగు మాటలు చదివి వినిపించడం, జబ్బు మనుషుల దగ్గర ప్రార్థన చెయ్యడం. తెల్లచీర, నల్ల గొడుగు, గుడ్డసంచి, దారం కట్టిన కళ్లజోడు. ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం బయటే ఆగి, మొదట అడిగే మాట ఒక్కటే.

"పొయ్యి వెలిగిందా?"

వెలగలేదంటే ప్రార్థన తర్వాత. ముందు సంచీలోంచి బియ్యం తీసేది. ఆ బియ్యం మా ఆడవాళ్లవే. వంటకి బియ్యం పోసుకునేటప్పుడు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. శనివారం ఆవిడ అన్ని ఇళ్ల డబ్బాలూ పోగుచేసుకుని, పొయ్యి వెలగని ఇంటికి మోసేది. ఎవరింటి బియ్యం ఎవరింటికి వెళ్లిందో ఎప్పుడూ చెప్పలేదు.

ప్రార్థన చాలా చిన్నగా చేసేది. "పెద్ద ప్రార్థన చేస్తే వాళ్ల కూర మాడుద్దిరా. ఆయనకి ముందే తెలుసు, మనం గుర్తుచేస్తే చాలు," అనేది.

మా పేట దాటి రైతుల వీధిలోకి కూడా వెళ్లేది. పెద్దింటి ఆవిడ, ఆ వీధిలో పెద్ద కమతం వాళ్ల ఇల్లాలు, ఒకసారి దొడ్డి గుమ్మం దగ్గరికి పిలిపించింది. కోడలు బందరు ఆసుపత్రిలో రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. నేను గడ్డివాము దగ్గర పనిలో ఉన్నాను. నాకు అంతా వినపడింది.

"ఏవమ్మా, మీ దేవుడికి ఒక్క మాట చెప్పవే."

"మీరే చెప్పండమ్మా. ఆయనకి తెలుగొచ్చు."

పెద్దింటి ఆవిడ ఏడుపులో నవ్వేసింది. ఇద్దరూ అక్కడే బూడిద గుంట పక్కన కళ్లు మూసుకుని నిలబడ్డారు. తల్లీ పిల్లా క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ ఇంటివాళ్లు మతం మారలేదు, ఈవిడ అడగనూ లేదు. కానీ ఆ తర్వాత ఆవిణ్ణి దొడ్డి గుమ్మానికి ఎవరూ పంపలేదు. వీధి గుమ్మంలోంచే పిలిచారు.

ఇప్పుడు నేను చెప్పుకోవాల్సింది చెబుతాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పిల్లాణ్ణి బళ్లో వేసే రోజు ఆవిడ పక్క ఊరు వెళ్లాల్సి వచ్చింది. నన్ను తీసుకెళ్లమంది. పంతులుగారు పేరు రాసుకున్నారు, పుట్టిన తేదీ రాసుకున్నారు.

"మతం ఏం రాయనురా?"

నేను నేల చూశాను.

"క్రిస్టియన్ అని రాస్తే ఎస్సీ ఉండదు. రేపు హాస్టలు ఉండదు, స్కాలర్‌షిప్ ఉండదు. ఆనక ఉద్యోగానికి కూడా అంతే. ఆలోచించుకో."

"మా వాళ్లందరికీ ఏం రాశారండీ?"

"హిందూ అనే."

"అదే రాయండి."

ఇంతే. నా జన్మలో ఇంకొకరి తరఫున నేను మాట్లాడిన మాట ఇదొక్కటే. సాయంత్రం ఆవిడకి చెప్పాను. గిన్నె తోముతోంది. చెయ్యి ఆగింది. చాలాసేపు నీళ్ల వైపు చూసి, మళ్లీ తోమింది.

"నువ్వు వాడికి అన్నం దారి చూపించావు తమ్ముడూ. నేనైతే ఏం రాయించేదాన్నో నాకూ తెలీదు," అంది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మా పేటలో అందరిదీ ఇదే తీరు. గుడి పుస్తకంలో ఒక పేరు, బడి పుస్తకంలో ఒక పేరు. పుట్టగానే రెండు పేర్లు ఆలోచించుకునే జనం మేము. అబద్ధం అని ఎవరికీ అనిపించేది కాదు. ఆకలి సంగతి ఒక పుస్తకంలో, ప్రార్థన సంగతి ఒక పుస్తకంలో రాసుకున్నాం అనుకునేవాళ్లం. మతం మారినంత మాత్రాన మా పేట ఊరి మధ్యకి జరగలేదు, మమ్మల్ని చూసే చూపు మారలేదు. మారింది కాగితమే. ఆ కాగితమే అన్నం పెట్టేది. ఏం చెయ్యమంటారు?

పిల్లాడు చదువుకున్నాడు. గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు వచ్చిన వారానికి ఆవిడ అప్పటి అయ్యగారి దగ్గరికి వెళ్లింది. అయ్యగారు అంటే పాస్టరుగారు. నేను గుడి ఊడుస్తున్నాను.

"నా పేరు కొట్టేయండి అయ్యగారూ."

"ఎందుకమ్మా?"

"వాడికి ఉద్యోగం వచ్చింది."

అయ్యగారు సంఘం పుస్తకం తీసి, ఆవిడ పేరు మీద స్కేలు పెట్టి గీత గీశారు. పనివాళ్ల జాబితాలోంచి కూడా తీసేశారు. మర్నాడు పొద్దున్నే చూస్తే ఆవిడ అదే సంచీ, అదే గొడుగుతో కాలవ గట్టు మీద వెళ్తోంది.

"పేరు కొట్టించుకున్నావు గదక్కా?"

"కాళ్లు కొట్టించుకోలేదు గదరా. పద పద, అడ్డం తప్పుకో."

అప్పటి నుంచి పోయేదాకా ఆవిడ ఏ పుస్తకంలోనూ లేదు. నడక మాత్రం ఆపలేదు.

ఈ మధ్య వచ్చిన అయ్యగారు చిన్నవాడు. అవనిగడ్డలో ఉంటాడు. అయిదు ఊళ్లు చూసుకోవాలి. మంచివాడు, కంగారు మనిషి. కిందటేడు బందరులో పెద్ద మీటింగు పెట్టుకున్నారట. నేటి లోకంలో క్రైస్తవ్యం ప్రభావం తగ్గిపోతోందా అని ఈయన మాట్లాడాలి. ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని ఆవిడ దగ్గర మొదలుపెట్టాడు.

"తగ్గిపోతోందమ్మగారూ. దొరల దేశాల్లో అయితే గుళ్లు అమ్మేస్తున్నారు. ఇదిగో చూడండి." ఫోన్లో ఫోటో చూపించాడు. రంగు అద్దాల కిటికీలు, పెద్ద పెద్ద స్తంభాలు, మధ్యలో టేబుళ్లు వేసి జనం భోంచేస్తున్నారు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. "అన్నం పెడుతున్నారుగా. మంచిదేగా?"

"హోటలమ్మగారూ అది. డబ్బున్నోళ్లకి."

"అయితే తప్పే."

నాకు నవ్వొచ్చింది. అయ్యగారికి రాలేదు. "మన ఊరే చూడండి. మా ముందాయన రాసిన రిపోర్టులో ఉన్న కుటుంబాల్లో సగం లేవు. కుర్రాళ్లు హైదరాబాదు పోయారు. ఉన్నవాళ్లలో కొందరు హైవే పక్కన మైకులు పెట్టే కొత్త మందిరానికి పోతున్నారు. కొందరు ఫోన్లోనే ప్రసంగం వింటున్నారు. పిల్లలకి బాప్తిస్మం ఇప్పిస్తాం గానీ పుస్తకంలో రాయొద్దంటున్నారు. నేనేం రిపోర్టు రాయను?"

"నన్ను లెక్కేశారా అందులో?"

"మీ పేరు పుస్తకంలో లేదు కదమ్మగారూ."

"మరి నేను తగ్గినట్టా, పెరిగినట్టా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆవిడే అంది. "నాకు లోకం సంగతి తెలీదయ్యగారూ. ఇదివరకు నేను వెళ్తే తలుపు తీసేవాళ్లు. ఇప్పుడూ తీస్తున్నారు. తీసి, అటూ ఇటూ చూసి, నన్ను లోపలికి రానిచ్చి వేసేస్తున్నారు. ఆ చూపు ఇదివరకు లేదు. మీ మీటింగులో అది చెప్పండి."

చెప్పాడో లేదో నాకు తెలియదు.

ఆ మీటింగు అయిన కొన్నాళ్లకే ఆవిడ కొడుకు మీద అర్జీ పడింది. ఈయన క్రిస్టియను, తల్లి చర్చిలో పనిచేసేది, ఎస్సీ ఉద్యోగం ఎలా ఇచ్చారు అని. ఎవరు పెట్టారో తెలియదు. ఆఫీసులో ప్రమోషను దగ్గర పోటీ ఉందని విన్నాను. ఊళ్లోకి విచారణకి వచ్చారు. ఇంట్లో గోడలు చూశారు. నన్ను కూడా అడిగారు. "ఆవిడ చర్చికి వస్తుందా?" అని.

"నాకు సరిగా కనపడదండీ," అన్నాను.

అర్జీ పెట్టినవాళ్లు, క్రైస్తవులు ఊళ్లకు ఊళ్లు పెరిగిపోతున్నారని రాశారట. మా అయ్యగారేమో తగ్గిపోతున్నారని రిపోర్టు రాశాడు. ఒకరికి కోపం, ఒకరికి దిగులు. ఇద్దరూ వేలు పెట్టి చూపించేది మా పేటలో ఉన్న ఈ కాసిని ఇళ్లనే. మేం పెరిగామో తగ్గామో మాకే తెలియదు. తలుపులు వేసుకుని కూర్చున్నాం.

ఆ తర్వాత కొడుకు ఆదివారాలు రావడం మానేశాడు. అంతకుముందు ప్రతి వారం వచ్చి తల్లి పక్కన కూర్చునేవాడు. మంచి గొంతు. తల్లి పాట ఎత్తుకుంటే రెండో చరణం వాడు అందుకునేవాడు. ఆవిడ ఒక్కతే వచ్చి, పక్కన జాగా వదిలి కూర్చునేది. ఇంకెవరైనా అక్కడ కూర్చోబోతే గొడుగు పెట్టేది. వాణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. నేనే ఒకసారి నోరు జారాను.

"రాకపోవడం ఏంటక్కా, దొంగచాటుగా అయినా..."

"నోర్ముయ్యరా. వాడి కూతురి చదువు సగంలో ఉంది. మీరెవరన్నా ఫీజు కడతారా?"

ఇదీ జరిగింది. అందుకని శుక్రవారం పొద్దున వాడు గంట కొట్టొద్దన్నప్పుడు నేను ఎందుకని అడగలేదు. ఊళ్లో గంట మోగితే, అన్ని దెబ్బలు మోగితే, తల్లి ఎవరో ఊరంతటికీ సాక్ష్యం చెప్పినట్టే. విచారణ ఇంకా నడుస్తోంది.

అయినా గుడి దగ్గరికి వెళ్లాను. తాడు పట్టుకున్నాను. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. ఎనభై నాలుగు సార్లు పరలోక ప్రార్థన చెప్పుకున్నాను. ఆమెన్ అన్నప్పుడల్లా చెయ్యి దానంతటదే బిగుసుకునేది. లాగలేదు.

తొమ్మిదిన్నరకి అంబులెన్సు వచ్చింది. అవనిగడ్డ నుంచి పెట్టె కూడా వచ్చింది. శిలువ వద్దని పెట్టె చేసేవాళ్లకి ముందే చెప్పలేదు. అలవాటు ప్రకారం మూత మీద రేకు శిలువ కొట్టి పంపించారు. కొడుకు దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. అందరూ నన్నే చూశారు. గుడికి మేకులు కొట్టేదీ పీకేదీ నేనే కదా.

పటకారు తెచ్చి నాలుగు మేకులూ పీకాను. నాలుగు బొక్కలు పడ్డాయి. శిలువ చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడితే అయ్యగారు మెల్లగా అన్నాడు. "లోపల పెట్టండి. లోపల ఎవరు చూస్తారు?"

ఆవిడ చేతుల కింద పెట్టాను. చేతులు చల్లగా ఉన్నాయి.

తలుపులు వేసుకుని అయ్యగారు ప్రార్థన చేశాడు. ఆవిడకి నచ్చేట్టు చిన్నదే చేశాడు. పాట పాడలేదు. అక్కడి నుంచి మా దొడ్డికి, అంటే మా సమాధుల చోటుకి, మోసుకెళ్లాం. కొడుకు ముందు పట్టుకున్నాడు. దారిలో వాడి పెదాలు బిగించే ఉన్నాయి. మట్టి వేసేటప్పుడు మాత్రం, "మావయ్యా, నేనేం చెయ్యను చెప్పు," అన్నాడు. నా మొహంలోకి చూసి అడిగాడు. బళ్లో నేనన్న మాట వాడికి తెలియదు. నేను చెప్పలేదు. పార తీసుకుని మట్టి లాగాను.

సాయంత్రం రైతుల వీధిలోంచి వస్తుంటే పెద్దింటి ఆవిడ అరుగు మీద నుంచి పిలిచింది. ఆవిడకి నిజంగానే కళ్లు సరిగా కనపడవు.

"ఒరేయ్, బైబిలమ్మ పోయిందంటున్నారు, నిజమేనా? గంట వినపళ్లేదే?"

"నిజమేనండీ."

"మరి గంట?"

"తాడు తెగిందండీ."

ఆ అబద్ధం ఎలా వచ్చిందో తెలియదు. ఆవిడ గుడి వైపు మొహం తిప్పింది.

"ఇన్నేళ్లూ ఎవరెవరికో మోగింది. బైబిలమ్మకి వచ్చేసరికి తెగిందా తాడు. పొద్దుటి నుంచీ చెవులు అటే పెట్టుకుని కూర్చున్నాన్రా. గంట వినపడితే లేచి నిలబడదామని."

మర్నాడు పాలేరుతో కొత్త తాడు పంపించింది. మంచి నైలాను తాడు. పాతది గట్టిగానే ఉంది. అయినా విప్పేసి కొత్తది కట్టాను.

ప్రభావం తగ్గుతోందా అని అయ్యగారిలా ఎవరైనా నన్ను అడిగితే నేను చెప్పలేను. నేను చదివింది అయిదో తరగతి. ఒక మనిషి నలభై ఏడేళ్లు మా ఊళ్లో నడిచింది. ఆవిడ పోతే లేచి నిలబడదామని పరాయి వీధిలో ఒక ముసలావిడ పొద్దుటి నుంచీ కూర్చుంది. మా గుడిలో మాత్రం ఆవిడ కోసం గంట కొట్టలేకపోయాం, పాట పాడలేకపోయాం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమనాలో నాకు తోచదు. మీకు తోస్తే మీరు అనుకోండి.

ఆదివారం గంట కొట్టాను. ఆదివారం గంట ఎవరిదీ కాదు, కొట్టొచ్చు. అయిదుగురు వచ్చారు. అయ్యగారు ఆవిడ పేరు ఎత్తకుండా, ఆవిడ ఎప్పుడూ ఎత్తుకునే పాట మొదలుపెట్టాడు. మొదటి చరణం అందరూ పాడారు. రెండో చరణం దగ్గర పాట ఆగింది. నేను గుమ్మం బయట గంట స్తంభం దగ్గరే నిలబడి ఉన్నాను. నేను ఎప్పుడూ పాడను.

రోడ్డుకి అవతల పక్క, కాలవ గట్టు మీద ఒక మోటారు సైకిలు ఆగి ఉంది. ఇంజను ఆపేసి ఉంది. దాని మీద మనిషి దిగలేదు. హెల్మెట్ తియ్యలేదు, అద్దం పైకి ఎత్తలేదు. గుడి వైపు చూడటం కూడా లేదు, తిన్నగా రోడ్డు వైపే చూస్తున్నాడు. దారిన పోయేవాళ్లకి ఎవరో ఎవరి కోసమో ఆగినట్టు ఉంటుంది.

ఆ భుజాలు నాకు తెలుసు. పిలవలేదు. చెయ్యి ఎత్తలేదు.

లోపల రెండో చరణం ఎవరో తడబడుతూ అందుకున్నారు. రోడ్డు మీద హెల్మెట్ అద్దం లోపలి నుంచి ఆవిరి పట్టింది. కొంచెం తగ్గింది. మళ్లీ పట్టింది. పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ తగ్గుతూ, ఎక్కడ ఎత్తుకుంటుందో అక్కడ తెల్లబడుతూ, చరణం అయ్యేదాకా.